మా ఆయనకేనండీ

బరువంతా కుడి తొడ మీద వేసి, ఎడమ వైపు కాస్త ఎత్తి పెట్టి కుట్టడం ఆవిడకు అలవాటైపోయింది. పొద్దున ఫ్యాక్టరీలో కుట్టు మిషను ముందు కూర్చుంటే మధ్యాహ్నం గంట కొట్టేదాకా లేవకూడదు. చొక్కాల కాలర్లు కుప్పలుగా వచ్చి పడుతూనే ఉంటాయి. కూర్చుంటే మంట, లేస్తే సలుపు. ముళ్ల మీద కూర్చున్నట్టుందని ఊరికే అనేవాళ్లకు ఆ మాటకు అర్థం తెలియదు.

భోజనం వేళ మందుల షాపుకు వెళ్లింది. షాపాయన ఆవిడను చూడగానే గొంతు తగ్గించాడు.

"మళ్లీ తిరగబెట్టిందా ఆయనకి?"

"అవునండీ. దురద, మంట. దొడ్డికి వెళ్లినప్పుడు ఎర్రగా రెండు చుక్కలు."

"మొలలే అయ్యుంటాయి. ఈ ఆయింట్‌మెంటు పొద్దునా రాత్రీ రాసుకోమనండి. గోరువెచ్చటి నీళ్ల టబ్బులో కాసేపు కూర్చోమనండి. పడుకునేముందు ఇసబ్‌గోల్ పొడి, నీళ్లు బాగా తాగాలి. వారంలో తగ్గకపోయినా, రక్తం ఎక్కువైనా, నల్లగా పడినా డాక్టరుకి చూపించాల్సిందే. సిగ్గుపడితే పని జరగదని చెప్పండి మీ ఆయనకి."

"చెప్తానండీ" అంది తల వంచుకుని.

రెండో కాన్పు నుంచీ ఇదే వరస. రోగం ఆవిడది, పేరు ఆయనది. మగాడికి మొలలుంటే నలుగురూ నవ్వి ఊరుకుంటారు; ఆడదానికుంటే ఆ నలుగురి కళ్లూ ఆమె కూర్చునే తీరు మీదే ఉంటాయి. అదీ ఆవిడ భయం. ఆయన గోడౌనుకు కాపలా, జలుబు కూడా ఎరగని మనిషి. పాపం, వీధిలో ఎవరైనా మెత్తటి కుర్చీ జరిపితే మూలుగుతూ మరీ కూర్చునేవాడు.

సాయంత్రం ఆవిడ ఇంటికి వచ్చేసరికి ఆయనే టబ్బులో వేడినీళ్లు పోసి ఉంచాడు.

"ఇవాళ నాకెలా ఉందట?"

"సిగ్గు మానేసి డాక్టరుకి చూపించుకోవాలట."

"ఇద్దరం వెళ్దాంలే. లోపలికి నువ్వెళ్లు, బయట మూలుగు నేను మూలుగుతా."

ఆవిడ నవ్వింది. నవ్వినా నొప్పే.

ఆవిడ టబ్బులోంచి లేచి వచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని నిద్రపోతున్నట్టున్నాడు. దుప్పటి కప్పబోతే తల పక్కకు వాలిపోయింది. అంత అలసటలో ఆవిడకు ఏడుపు కూడా వెంటనే రాలేదు.

గుండె ఆగిందన్నారు. ఆయన పోయాడు గాని రోగం పోలేదు. నెల తర్వాత, ఇక ఓర్చుకోలేక మళ్లీ షాపుకు వెళ్లింది. షాపాయన అలవాటు చొప్పున ట్యూబు తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు. పెట్టాక గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

"మర్చిపోయానమ్మా, ఏమీ అనుకోకండి. మీకేం కావాలి?"

నాకే అన్న మాట నోటిదాకా వచ్చింది. వెనక ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు.

"తలనొప్పికి బిళ్ల ఒకటి ఇవ్వండి" అంది.

బిళ్ల గుప్పెట్లో పట్టుకుని, గోడ ఆసరాతో మెట్లు దిగి వెళ్లిపోయింది. ట్యూబు మాత్రం ఆవిడ నిలబడ్డ వైపుకే మూత తిరిగి, అద్దాల బల్ల మీద పడి ఉంది.