చెనక్కాయ తీగ అంచు

గంగాధరప్పకు అనుమానం కాస్త ఎక్కువే. ధర్మవరంలో మగ్గం పెట్టుకున్నవాడికి ఆమాత్రం ఉండాలనీ, లేకపోతే పొద్దున నేసిన అంచు సాయంత్రానికి పక్క వీధిలో తేలుతుందనీ ఆయన వాదన. ఈసారి అది మరీ ముదిరింది. మగ్గం మీద ఉన్నది ఇంతవరకూ ఎవరూ నేయని అంచు మరి. నెమళ్ళు, ఏనుగులు, మామిడి పిందెలు అందరూ నేసేవే. ఆయన చెనక్కాయ తీగ, అదే వేరుశనగ తీగ గీయించాడు. చిన్న చిన్న ఆకులు, పసుప్పచ్చ పువ్వు, కింద జంటలు జంటలుగా కాయలు. ఈ కరువు నేలలో పుట్టినవాడికి కాక ఇంకెవరికి తోస్తుందని తనలో తనే మురిసిపోయాడు.

కిటికీకి పాత దుప్పటి కట్టాడు. పాలు పోసే మనిషిని కూడా గడప దాటనివ్వలేదు. మగ్గం గదిలోకి వచ్చేది ముగ్గురే: ఆయన, భార్య జ్యోతి, ఆమె తమ్ముడు ఓబిలేష్. పెద్దంచు చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఒకరు నడుమ, అడ్డపోగు మోసే నాడె విసురుతుంటే, పక్కనున్నవారు అంచు నాడె అందించాలి. జ్యోతి కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ పక్కచోటు ఓబిలేష్‌దే. బావా బావమరిదీ నేస్తుంటే గదిలో మాట అవసరమయ్యేది కాదు.

బయటి పనులన్నీ ఫోన్‌లోనే. పట్టునూలు కొట్టుకు కబురు, షావుకారు జయరాజుతో బేరం, ఓబిలేష్ కూలి, చివరికి టీ డబ్బులు కూడా ఒకే ఒక్క యాప్‌లోంచే పోవాలి. గంగాధరప్పకు దాన్ని చూసినా అనుమానమే. కానీ అది లేనిదే ఈ రోజుల్లో టీ చుక్క పుట్టదు.

ఒక మధ్యాహ్నం జయరాజు ఆ యాప్‌లోనే ఒక చీర ఫొటో పంపాడు. వెనకాలే గొంతు రికార్డు చేసి కూడా పంపాడు.

"ఏమప్పా గంగాధరా, నీ అంచు నరమానవుడు చూడలేదంటివి. మరమగ్గం మీద నేసి సగం రేటుకు అమ్ముతాండారే."

గంగాధరప్ప ఫొటో చూశాడు. అదే తీగ, అవే ఆకులు. కాకపోతే వరసలో ఒక కాయ ఉండాల్సినచోట గుండ్రంగా ఒక బంతిపువ్వు ఉంది. పట్టుబడకుండా దొంగ తెలివిగా మార్చాడనుకున్నాడు. తల తిప్పి చూస్తే ఓబిలేష్ తన ఫోన్‌లో ఏదో చూసి నవ్వుకుంటున్నాడు. ఆ నవ్వు చాలింది.

"ఫోన్ ఇట్టియ్యి."

"ఏంటికి బావా?"

"ఇయ్యమంటాండా కదా."

ఓబిలేష్ తాళం తీసి మరీ చేతిలో పెట్టాడు. వాడు ఎవరితో మాట్లాడాడు, వాడికి ఎవరు డబ్బు వేశారు, ఎవరికి ఏ ఫొటో పోయింది, గంగాధరప్ప ఒక్కొక్కటే తెరిచి చూశాడు. బావ పంపిన కూలి తప్ప వాడికి వచ్చిందేమీ లేదు. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

"తుడిపేసుంటావు."

"వాడు అట్లాటోడు కాదు," అంది జ్యోతి.

"నీ తమ్ముడని ఎనకేసుకొస్తాండావు."

ఓబిలేష్ మగ్గం గుంటలోంచి లేచాడు. "నీ పక్కన కూర్చున్యాకనే నాకు మీసాలొచ్చినాయి బావా. నన్నా అడిగేది?" అన్నాడు. ఫోన్ తీసుకుని వెళ్ళిపోయాడు. చీర సగంలో ఆగిపోయింది.

మర్నాడు గంగాధరప్ప కదిరమ్మ టీ బంకు దగ్గర నిలబడి, టీ తాగుతున్న ప్రతివాడి మొహంలోనూ దొంగను వెతికాడు. డబ్బు కొట్టి, పడిందో లేదో చూసుకొమ్మని తన ఫోన్ చూపించబోయాడు. ఆమె అటు చూడనే లేదు.

"పడినాయిలేప్పా. నీ బొమ్మొచ్చిండాది."

"నా బొమ్మా? యాడ?"

"దుడ్లు ఎవరేసినా వాళ్ళ బొమ్మొస్తాది కదా. నాకు సదువు రాదు, బొమ్మల్ని బట్టే గుర్తు పెట్టుకుంటా. టైలరుది మనమరాలు, బస్సు తోలే ఆయప్పది ఎద్దు. నీది పువ్వు పెట్టిన మగ్గం."

ఆమె ఆ బొమ్మను వేలితో నొక్కింది. అది ఫోన్ నిండా పరుచుకుంది.

కొత్త అంచు మొదటి జానెడు నేయగానే మగ్గానికి పసుపు కుంకుమలు పెట్టి, అంచు మీద పువ్వుంచి మొక్కడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ రోజు జ్యోతి చేత ఫొటో తీయించి, కలిసొస్తుందని యాప్‌లో తన బొమ్మగా పెట్టుకున్నది గంగాధరప్పే. దేవుడి గదిలో పటంలాగా అది తన ఫోన్‌లోనే ఉంటుందనుకున్నాడు. అది ప్రతి టీతో, ప్రతి రంగు పొట్లంతో ఊరంతా తిరిగింది. అంచు మీద పెట్టిన బంతిపువ్వు సరిగ్గా ఒక కాయను కప్పేసింది. నేసినవాడెవడో అదీ అంచులో భాగమే అనుకుని పువ్వుతో సహా నేసేశాడు.

గంగాధరప్పకు నిన్నటి సంగతి గుర్తొచ్చింది. నిన్న ఓబిలేష్ ఫోన్‌లో కూలి పంపిన చోట, తన పేరు పక్కనే ఆ బొమ్మ ఉంది. దాని మీదుగానే వేలు జరిపాడు. దొంగ కోసం వెతికేవాడికి తన బొమ్మ ఎలా కనబడుతుంది? సిగ్గుతో చచ్చిపోయాడు.

ఫోన్ చేస్తే ఓబిలేష్ ఎత్తలేదు. వాళ్ళింటికే పోయి, గుమ్మంలో నిలబడి, దాచకుండా అంతా చెప్పాడు.

"తప్పు నాదేప్పా. రా, పోదాం."

ఓబిలేష్ గుమ్మం దాకా వచ్చాడు. "వస్తా బావా. సగం చీర మగ్గం మీద ఇడిసిపెట్టేది మన ఇండ్లల్లో లేదు. అది కోసినంక తిప్పన్న మగ్గానికి పోతా. ఆయప్పకు మాటిచ్చినా."

అన్నట్టే వచ్చాడు. ఫోన్ మాత్రం ఇంట్లో పెట్టి వచ్చాడు. చేతులు ఎప్పటిలాగే కలిశాయి, మాట కలవలేదు. వీధిలో అందరికన్నా జోరుగా నేస్తాడని పేరున్న గంగాధరప్ప తెగని పోగును పట్టుకుని అతికేవాడు, దాహం లేకపోయినా నీళ్ళకు లేచేవాడు. అంచు ఎప్పుడో చవకైపోయింది, ఆ దిగులు ఆయనకు లేదు. చీర అయిపోతుందనే భయం. జ్యోతి చూసీ చూడనట్టు ఊరుకుంది.

కొంగు కూడా చివరికొచ్చింది. ఓబిలేష్ అంచు నాడె పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. గంగాధరప్ప చెయ్యి కదలడం లేదు.

"చెయ్యి ఆడించు బావా," అన్నాడు ఓబిలేష్, ఆయన వైపు చూడకుండానే. "ఎంత మెల్లగ నేసినా చీర పొడుగయ్యేది లేదు."

గంగాధరప్ప నాడె విసిరాడు.