పేరు బాకీ

భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందా? భూమవ్వకు పెండ్లినాటి నుంచీ ఇదే అనుమానం. పొద్దున లేస్తే అందరూ దేవుడి పేరు పలుకుతారు కదా, ఆయనకేం తక్కువైంది? అడుగుదామంటే భయం. భజనలో రాముడి పేరు వచ్చినా ఆమె పెదవులు మూసుకునేది. భర్త పేరు సిద్దిరాములు మరి.

కొత్త కోడలుగా ఇచ్చోడలో అత్తింటికి వచ్చిన రోజు ఆడబిడ్డ శంకరవ్వ తలుపుకు అడ్డం నిలబడి, "మా అన్న పేరు చెప్పి లోపటికి రా" అంది. పేరు చెప్పలేక భూమవ్వ గడప బయటే నిలబడింది. "సరే తియ్, బాకీ పడ్డవు వదినె. యాదుంచుకో" అని నవ్వి దారి ఇచ్చింది శంకరవ్వ.

సిద్దిరాములు దుబాయిలో కట్టుడు పని చేస్తూ పైనుంచి పడ్డాడు. తలకు దెబ్బ. హైదరాబాదు దవాఖానలో నడవడం, చెంచా పట్టుకోవడం మళ్లీ నేర్పి ఇంటికి పంపారు. ఎవరైనా చెబితేనే ఏ పనైనా చేస్తాడు, లేకపోతే కూర్చున్నచోటే కూర్చుంటాడు. మధ్యాహ్నం గోలీ తప్పితే ఫిట్స్ వస్తాయి. భూమవ్వ పత్తి ఏరడానికి పోకపోతే పొయ్యి వెలగదు.

దవాఖానలో ఆయనకు కసరత్తు నేర్పిన డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. "ఇంట్లో దుబాయి టేప్‌రికార్డర్ ఉందన్నావుగా? చేయాల్సినవన్నీ నీ గొంతుతో అందులో పట్టిపెట్టు. ముందు పేరు పెట్టి పిలువు. అప్పుడే అతని మనసు ఇటు తిరుగుతుంది."

భూమవ్వ అన్నీ పట్టింది, పేరు తప్ప. నొక్కాల్సిన మీటకు కుంకుమ బొట్టు పెట్టింది. బడిలో అన్నం గంట కొట్టగానే దాన్ని నొక్కడం పక్కన కూర్చుని అలవాటు చేసింది. తర్వాత పత్తి చేనుకు పోయింది.

సాయంత్రం వచ్చేసరికి గోలీ గూట్లోనే ఉంది. అన్నం మీద మూత కూడా తీయలేదు.

"ఒత్తలేదా అయ్యా?"

"ఒత్తిన. ఎవలో ఒకామె, గోలి ఏస్కో, అన్నం తిను అని ఎవలకో చెప్పవట్టింది. గాయిన రానే రాలే. పాపం, ఆకలిగొన్నడేమో. గాయినకే ఉంచిన."

ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. కబురు అంది భైంసా నుంచి శంకరవ్వ దిగింది.

"ఫికర్ చెయ్యకు వదినె. అన్నను నా ఇంటికి తోల్కపోత."

"ఇప్పుడిప్పుడే గీ ఇల్లు గుర్తువడుతుంది. మల్ల కొత్త ఇల్లంటే పరేషాన్ అయితడు. రేపు ఒక్క దినం చూడు. కాకపోతే తోల్కపో."

భూమవ్వ దేవుని గూడు ముందు కూర్చుంది. 'సామీ, ఆయుష్షు ఇచ్చేటోనివి నువ్వు, తీసేటోనివి నువ్వు. నడుమ నా నోరెంత?' అనుకుంది. లేచి తలుపు దగ్గరికి వేసుకుని టేప్ ముందుకు జరుపుకుంది.

మర్నాడు గంట కొట్టేవేళకు వదినా ఆడబిడ్డలు బయట తలుపు ముందు నిలబడ్డారు. లోపల మీట నొక్కిన చప్పుడు.

"సిద్దిరాములూ... ఓ సిద్దిరాములూ!"

"ఆఁ, ఇంటున్న" అన్నాడాయన.

"గూట్లె గోలి ఉన్నది, ఏస్కో. గిలాసల నీళ్లున్నయ్, తాగు."

నీళ్లు గుటకేసిన చప్పుడు. కాసేపటికి గిన్నె మీది మూత తీసిన చప్పుడు. భూమవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఓ వదినె! ఇంత మంచిగ పిలుస్తవా? ఇన్నేండ్లు ఎక్కడ దాసినవ్?" శంకరవ్వ నవ్వుతూ కళ్లు తుడుచుకుని, తలుపుకు అడ్డం లేకుండా పక్కకు జరిగింది.

"బాకీ తీరింది. లోపటికి నడువు."