నెమ్మది చెయ్యి

చల్లపల్లిలో ఉండే వెంకటకృష్ణారావుకు ఉన్నది ఆరెకరాలే అయినా, వందెకరాల ఆసామికుండే గర్వం ఉండేది. కారణం రేడియో లైసెన్సు. ఇంట్లో సెట్టు పెట్టుకుని, మీట నొక్కుతూ మోర్సు చుక్కలతో, గీతలతో దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడే సరదా ఆయనది. యుద్ధంలో సర్కారు పట్టుకుపోయిన సెట్లు తిరిగొచ్చాక ఆయనా, బెజవాడ భవానీపురంలో ఉండే తిరుపతిరావూ, ఆ ఊరివాళ్ళే ఇంకో నలుగురూ మొదటి తరగతి పరీక్ష ప్యాసయ్యారు.

మోర్సు వేగంగా కొట్టలేనివాళ్ళకు రెండో తరగతి లైసెన్సు ఇచ్చేవారు. వాళ్ళు పిలిస్తే ఈ ఆరుగురూ పలికేవారు కాదు. ఆ నియమం పెట్టింది వెంకటకృష్ణారావే. నత్తనడకవాళ్ళకు జవాబిస్తూ కూర్చుంటే మన చెయ్యి కూడా పాడవుతుందని ఆయన వాదన. ఉయ్యూరు గుమాస్తా ఒకాయన రోజూ పిలిచి పిలిచి, చివరికి విసుగెత్తి సెట్టు అమ్మేసుకున్నాడు. పీడా వదిలిందన్నారు వీళ్ళు.

ఆ వానాకాలంలో వెంకటకృష్ణారావుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, మాటా రెండూ పడిపోయాయి. ఎడమ చేత్తో పలక మీద ఆయన మొట్టమొదట రాసింది, ఈ సంగతి బెజవాడ వాళ్ళకు తెలియకూడదని. భార్య మాణిక్యం సరేనంది.

కాని మనిషి పలకతో ఎంతసేపని కాలక్షేపం చేస్తాడు? మిత్రులతో మాట్లాడాలని ప్రాణం కొట్టుకుపోయింది. కాస్త కూర్చోగలిగాక సెట్టు ముందు చేరి, పేరుకు బదులు కొట్టుకోమని సర్కారు తనకిచ్చిన గుర్తు ఎడమ చేత్తో ఒక్కో అక్షరమే ఈడ్చుకుంటూ కొట్టాడు. ఎవరూ పలకలేదు. మర్నాడూ అంతే. పైగా వాళ్ళలో వాళ్ళు అనుకుంటున్నది చెవిన పడింది. కృష్ణారావు ఊళ్ళో లేనట్టున్నాడు, ఎవడో రెండో తరగతివాడు ఆయన గుర్తు దొంగిలించి కొడుతున్నాడు, ఆయన చెయ్యి వేగం మనకు తెలియదా, వాడికెవరూ పలకొద్దు.

ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఏడుస్తున్నాడని వీపు చూస్తేనే మాణిక్యానికి తెలిసింది. ఆమెకు ఒళ్ళు మండింది, వాళ్ళ మీదా, మొగుడి మీదా కూడా. మర్నాడు బస్సెక్కి భవానీపురం వెళ్ళి తిరుపతిరావుకు అంతా చెప్పేసింది.

“ఆయనేనా అమ్మా? మేం ఎవడో అనుకున్నామమ్మా” అని ఆయన తల పట్టుకున్నాడు.

ఆ మర్నాటి సాయంత్రం జవాబొచ్చింది. తిరుపతిరావు చంటిపిల్లాడికి ముద్దలు పెట్టినట్టు, ఆగి ఆగి ఒక్కో అక్షరం కొట్టాడు. ఒకరి తర్వాత ఒకరుగా తక్కిన నలుగురూ అలాగే కొట్టారు. ఎలా ఉన్నారు, తొందరేం లేదు, నెమ్మదిగానే కొట్టండి. మంచివాళ్ళే పాపం, ప్రేమగానే కొట్టారు. వెంకటకృష్ణారావు ముఖం నల్లబడిపోయింది. చెయ్యి చాచి సెట్టు ఆపేశాడు.

“వాళ్ళింకా మాట్లాడుతున్నారేమోనండీ” అంది మాణిక్యం.

ఆయన పలక మీద రాశాడు, తాను రెండో తరగతి కాదని.

“నెమ్మదిగా చెబితే అవి మాటలు కావుటండీ?”

ఆయన పలక తుడిచి పక్కన పెట్టేశాడు. ఆయన పోయేదాకా భవానీపురం నుంచి తిరుపతిరావు సాయంత్రాలు పిలుస్తూనే ఉన్నాడట, నెమ్మదిగా. చల్లపల్లిలో పలికినవాళ్ళు లేరు.