సంచిలో తిరిగి పెట్టడం

నాలుగో బల్ల తుడుస్తూ సీమోను మళ్ళీ నడుము తడుముకున్నాడు. చొక్కా కింద తోలుసంచి ఖాళీగా తగిలింది.

బోధన్‌లోని చెరుకు ఆఫీసులో అతడు ఇరవై ఆరేళ్ళుగా జవాను. విత్తనపు చెరుకు కోసం రుద్రూరు పంపితే బండి కిరాయి ముందు తానే పెట్టుకోవాలి, బిల్లు తర్వాత. ఈసారి చేతిలో లేదు. ఇంట్లో ఉన్నది పిడికెడు బియ్యం డబ్బు. సంఘం ఆడవాళ్ళు వండే ముందు పూటకో పిడికెడు తీసిపెట్టిన బియ్యం అమ్మితే వచ్చిన నూట నలభై. కోటగిరి చర్చిలో దానికి పూచీ అతని భార్య శారమ్మ. ఆమెకు చెప్పకుండా పెట్టె అడుగు నుంచి సంచితో సహా తీసి, బండికీ హమాలీకీ అంతా పెట్టేశాడు. రేపు ఆదివారం, అందరి ముందూ లెక్క. తక్కువైతే దొంగ ఆమే అవుతుంది.

పదకొండింటికి టైపిస్టు సత్యానందం బిల్లు కొట్టాడు.

"అయ్యా, గా పొడుగు మాటేంది?"

"రీయింబర్స్. పైసలు వాపస్ ఇయ్యమని."

"గంత దానికి గింత మాటనా?"

సత్యానందం నవ్వాడు. "గ్రీకుల బుర్సా అంటె తోలు. లాటినోళ్లు తోలుసంచిని గట్లనే అన్నరు. సంచిలకెల్లి తీసింది మళ్ల సంచిల పెట్టుడు, గదే అర్థం. ఫ్రెంచోళ్ల కాడికెల్లి ఇంగ్లీషుకు వచ్చింది."

సీమోను చెయ్యి నడుము మీదికి పోయింది. ఎవరో చూసినట్టే అనిపించింది.

గుమాస్తా దేవిదాస్ మూడున్నర దాకా బిల్లు ముట్టలేదు. ముట్టి, హమాలీ కూలి మూడు రూపాయల మీద గీత కొట్టాడు.

"రసీదేది?"

"హమాలోడు రసీదిస్తడా సారూ?"

"గట్లయితె నువ్వే మోసినవనుకో. పానం గట్టిదే గదా నీది."

చేతికొచ్చింది నూట ముప్పై ఏడు. జేబులో ఇంటికి పోయే బస్సు కిరాయి మూడు రూపాయలు. బస్సెక్కితే సంచికి మూడు తక్కువ; నడిస్తే నిండు. కాళ్ళకు రసీదు అక్కరలేదు. మూడూ కలిపి సంచిలో వేసి, తాడు మొలకు రెండు ముడులు బిగించాడు.

బస్టాండు దగ్గర చాయ్ అమ్మే లింగవ్వ కేకేసింది. "బస్సు గీడ్నే ఉన్నది గదనే?"

"నడుస్త అవ్వా. గాలి మంచిగున్నది."

ఆకు కదలడం లేదు. కోటగిరికి పది మైళ్ళు. మైలురాయి దాటినప్పుడల్లా సంచి తడుముకున్నాడు.

పొద్దుగూకే వేళ, చెరుకు దించి కోటగిరికి తిరిగొస్తున్న లింబాద్రి బండి ఆపాడు. సీమోను కాలువ వంతెన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండుసార్లు పిలిచినా పలకలేదు. లింబాద్రి అతణ్ణి ఖాళీ బండిలో పడుకోబెట్టి ఇల్లు చేర్చాడు.

ఆదివారం సీమోనును మట్టి చేసి వచ్చాక సంఘపెద్ద లెక్క వద్దన్నా శారమ్మ వినలేదు. సంచి కుమ్మరించింది. సరిగ్గా నూట నలభై.

"గిది నడుముకెందుకు కట్టుకున్నడో," అంది.

డబ్బు సంఘం పెట్టెలోకి పోయింది. బల్ల మీద తోలుసంచి మిగిలింది; విప్పడం రాక కత్తితో కోసిన దాని తాడుకు, చెమటకు బిగిసిన రెండు ముడులు.