ఫ్రేములో పడ్డ చెయ్యి

“నువ్వు ఫ్రేములోకి రాకు,” అన్నాడు భర్త, ఫోనులోంచి కళ్ళెత్తకుండానే.

ఆమె రెండు చేతులా నీళ్ళ బకెట్టు పట్టుకుని బాల్కనీ గుమ్మంలో ఆగిపోయింది. ఆఫీసుకు టైమైపోతోంది, పొయ్యి మీద కూర అడుగంటుతున్న వాసన వస్తోంది. అయ్యగారేమో గాలి ఊదిన రబ్బరు తొట్టిని ఎండ పడే చోటికి జరిపించి, అందులోకి నీళ్ళు మోసుకురమ్మంటున్నారు. మొయ్యాల్సింది ఆమె, కనబడకూడనిదీ ఆమే. ఆ ఇంట్లో ఏ పనికైనా ఉన్న పద్ధతే అది, కొత్తేముంది!

తొట్టి పక్కన ఎనిమిదేళ్ళ కూతురు, స్కూలుకి వెళ్ళేలోపే వీడియో అయిపోవాలని, ఈత బట్టల్లో గెంతుతోంది. నోరు మూతపడదని దాన్ని చిన్నప్పట్నుంచీ పిచ్చుక అని పిలుస్తారు. ఆ పేరుతోనే తండ్రి ఏడాదిగా ఒక ఛానెల్ నడుపుతున్నాడు. పిచ్చుక పళ్ళు తోముకోవడం, పిచ్చుక జడ వేయించుకోవడం, పిచ్చుక అలిగి పడుకోవడం... జడ వేసేదీ, అలక తీర్చేదీ ఎవరో మాత్రం ఏ వీడియోలోనూ ఉండదు.

“ఇప్పుడీ తొట్టి ఎందుకు కొన్నారండీ?”

“కొనడమేంటి? ఛానెల్ చూసే పెద్దాయన పంపించాడు. నీళ్ళలో ఆడుకునే వీడియో పెట్టు తల్లీ అని ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు పాపం.”

“మన అడ్రసు ఇచ్చారా?”

“ఇవ్వకపోతే గాల్లో ఎగిరొస్తుందా?”

ఇలాంటి ‘పెద్దాయన’లు ఆమెకు కొత్త కాదు. జనం ఫిర్యాదు చేసిన వీడియోలు చూసి ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చడమే ఆమె ఉద్యోగం. అందులోనూ పిల్లల విభాగం. చూసింది బయట చెప్పనని సంతకం పెట్టింది కాబట్టి, ఒక్కోరోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేక ఎందుకు లేచిపోతుందో ఎవరికీ తెలియదు. అత్తగారైతే ఇరుగుపొరుగుతో, “మా కోడలు ఏసీలో కూర్చుని వీడియోలు చూస్తుందమ్మా, దానికి జీతం కూడానూ!” అని నవ్వుతుంది. ఆ ‘పెద్దాయన’లు ముందు తల్లీ అంటారు, తర్వాత బహుమతి పంపుతారు, ఆ తర్వాత తండ్రికి తెలియకుండా పిల్లతో మాట్లాడే దారి వెతుకుతారు. పిచ్చుక వీడియోల్ని మెచ్చుకునేవాళ్ళకంటే తమ ఫోన్లలో దాచుకునేవాళ్ళే ఎక్కువని ఆమె ఎప్పుడో గమనించింది. ముక్కూమొహం తెలియని పిల్ల జడ వేయించుకుంటుంటే దాన్ని దాచుకోవాల్సిన అవసరం ఎవడికుంటుంది? ఆ మాటే నెలల తరబడి మెల్లగా చెప్పింది, ఏడ్చి చెప్పింది, చివరికి కాళ్ళు పట్టుకుని కూడా చెప్పింది.

ఇప్పుడు మళ్ళీ అంది. “వద్దండీ. మీకు దణ్ణం పెడతాను. వాడు మంచివాడు కాదు.”

“నీ ఉద్యోగం నీ బుర్ర పాడుచేసింది. ఎవణ్ణి చూసినా నీకు వెధవలాగే కనిపిస్తాడు.”

లోపల్నుంచి అత్తగారు అందుకుంది. “కన్నతండ్రి దగ్గరుండి తీస్తున్నాడు, ఇంకేం కావాలే నీకు? నలుగురూ పిల్లని మెచ్చుకుంటే కళ్ళు కుడుతున్నాయా?”

“అమ్మా, తొందరగా పొయ్యవే! తొట్టి తాతయ్యకి థాంక్స్ చెప్పాలి,” అంది పిచ్చుక.

తొట్టి తాతయ్య! పిల్ల వాడికి అప్పుడే వరస కూడా కలిపేసింది. బకెట్టు అక్కడే విసిరికొట్టి, పిల్లని తువ్వాల్లో చుట్టి తీసుకుపోవాలనిపించింది. ఎక్కడికి? ఆ ప్రశ్న దగ్గరే ఆమె ఏడాదిగా ఆగిపోతోంది. పోనీ, సాయంత్రం వచ్చాక ఎలాగైనా ఒప్పిద్దామనుకుంది. ఒంగుని నీళ్ళు పోసేసి, మాడిన కూర దింపి, బస్సుకు పరిగెత్తింది.

మధ్యాహ్నం ఆఫీసులో, ఫిర్యాదుల వరసలో వచ్చే వీడియోలు చూస్తూ ఉంటే తెర మీద తన బాల్కనీ కనబడింది.

తను ఆరేసిన దుప్పటి, తను తుడిచిన గచ్చు, తన పిల్ల. “థాంక్యూ తొట్టి తాతయ్యా!” అని చేతులూపుతోంది. ఎవరో ఫిర్యాదు చేశారు. ఎవరో ఏమిటో, ఆ పిల్ల వాళ్ళకేమీ కాదు, అయినా వాళ్ళకి పట్టింది. కింద తొట్టి తాతయ్య అప్పుడే రాశాడు: ‘చాలా బాగుంది తల్లీ. మీ స్కూలు ఎన్నింటికి వదులుతారు?’

ఆమె గడియారం చూసింది.

తెలిసినవాళ్ళ వీడియో వస్తే ముట్టుకోకుండా టీమ్ లీడర్‌కి అప్పగించాలి, ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. లీడర్ మీటింగులో ఉంది. ఆవిడ వచ్చి, చూసి, ఇంకొకరికి పంపేసరికి ఎంతమంది దాచుకుంటారో! తెర మీది ఎర్ర మీట నొక్కితే ఛానెల్ మొత్తం ఆగిపోతుంది, ఆ తాతయ్య వివరాలతో పాటు భర్త వివరాలూ పోలీసులకి వెళ్తాయి. ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించుకోగలదు. ఉద్యోగం పోతే పిల్లని పట్టుకుని బయటికెళ్ళే దారి కూడా మూసుకుపోతుంది.

ఇంకెవరి పిల్లైనా అయితే ఇంత ఆలోచించేదా? ఎందరు తండ్రుల ఛానెళ్ళు మూయించలేదు తను! ఊరివాళ్ళ పిల్లలకి ఒక్క నొక్కు సరిపోయింది. తను కన్నపిల్లకి మాత్రం ఏడాదిగా బతిమాలుకుంటూ కూర్చుంది.

నొక్కేసింది.

పిచ్చుక మాయమైపోయి, తెర మీద ఎప్పుడూ అడిగే ప్రశ్నలు వచ్చాయి. పెట్టినవాడు పిల్లకి ఏమవుతాడు? ‘తండ్రి’ అని కొట్టింది. వీడియోలో పెద్దవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఇక్కడ ఎప్పుడూ ‘లేరు’ అని కొట్టి ముందుకెళ్ళడం అలవాటు. అలవాటుగానే వేలు అటు పోయింది, ఆగింది. వీడియో మొదట్లో, అంచున, ఎర్ర బకెట్టు వంచుతూ గాజుల చెయ్యి ఒకటి కనిపించడం గుర్తొచ్చింది. ఫ్రేములోకి రావద్దన్నా వచ్చేసింది.

‘ఉన్నారు,’ అని రాసింది. ‘నీళ్ళు పోసిన చెయ్యి నాది. నేను ఆ పిల్ల తల్లిని.’

తర్వాత బ్యాగు తీసుకుని, స్కూలు వదలకముందే గేటు దగ్గర ఉండాలని, ఎవర్నీ అడక్కుండా లేచి వెళ్ళిపోయింది.