కోటు కింది వెస్ట్

ముప్పై ఏళ్ళుగా కొండల్లో మంచు బండి తోలుతున్న లోర్న్‌కి ఊళ్ళో రెండు పేర్లున్నాయి. ఎంత నిటారు వాలైనా జంకడని ఒకటి, నోటి దూల మనిషని ఇంకొకటి. ఆ నోటికి ఎక్కువగా బలయ్యేది అతని బావమరిది డెల్బర్ట్.

డెల్బర్ట్ కిందటేడు ఎయిర్‌బ్యాగ్ కొనుక్కున్నాడు. వీపుకి తగిలించుకునే సంచీ అది. భుజం దగ్గరున్న ఎర్ర పిడి లాగితే తల వెనక పెద్ద బూర ఉబ్బుతుంది, మంచు చరియ విరిగి మీద పడినా మనిషిని మంచు పైకి తేలుస్తుంది. దాంతో మొదటిసారి ట్రక్కుల్లోంచి బళ్ళు దింపే చోటికి వచ్చిన రోజు లోర్న్ పదిమందిలో కేకేశాడు.

"ఒరేయ్, బూరలు ఎంతకిస్తున్నావురా? మీ అక్కకి ఓ రెండు తీసుకెళ్ళాలి!"

అందరూ పడీపడీ నవ్వారు. డెల్బర్ట్ కూడా నవ్వాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ చలికాలమంతా లోర్న్ ఆ పరాచికం వదల్లేదు.

లోర్న్‌కి జరిగిన ఒక సంగతి మాత్రం ఎవరికీ తెలీదు. మార్చిలో ఒకరోజు ఒంటరిగా ఒక వాలు దాటి వెనక్కి తిరిగి చూస్తే, తన బండి జాడ సగం దాకానే ఉంది. మిగతా సగాన్ని చరియ ఊడ్చుకుపోయింది. ఇంజను మోతలో అతనికి వినపడనే లేదు. అప్పట్నుంచీ తెల్లటి వాలు కనబడితే చాలు, ఆ సగం జాడే గుర్తొచ్చేది. భార్య వెర్నాకి కూడా చెప్పలేదు.

డిసెంబరులో పన్ను నొప్పని వంక పెట్టి పెద్ద పట్నం కామ్‌లూప్స్ వెళ్ళాడు. ఎయిర్‌బ్యాగ్ ఊళ్ళో కొంటే సాయంత్రానికల్లా గుప్పుమంటుంది మరి.

"సంచీనా అండీ, వెస్టా?" అని అడిగింది కొట్లో అమ్మాయి. "సంచీ అయితే పార, మంచులో గుచ్చి వెతికే కడ్డీ అందులోనే పెట్టుకోవచ్చు. వెస్ట్ అయితే చేతుల్లేని కోటులా ఒంటికి అతుక్కునుంటుంది, బండి మీద అటూ ఇటూ ఊగదు. కాకపోతే సామాను వేరే మోసుకోవాలి. గ్యాసు సీసాతో ఉబ్బేదైతే పిడి ఒకసారి లాగాక మళ్ళీ నింపించాలి. బ్యాటరీదైతే ఇంట్లో ఎన్నిసార్లైనా లాగి చెయ్యి అలవాటు చేసుకోవచ్చు."

లోర్న్ ఇవేవీ వినలేదు. "తక్కువ కనబడేదేది?" అన్నాడు.

ఆ అమ్మాయి ఎగాదిగా చూసింది. "వెస్టేనండీ. కానీ కోటు పైనే వేసుకోవాలి. లోపలుంటే బూర ఉబ్బడానికి చోటేదీ? తొడల మధ్య పట్టీ కూడా బిగించాలి. లేకపోతే అది ఊడి పైకి పోతుంది, మీరు కిందుండిపోతారు."

"తెలుసులే అమ్మాయ్."

ఇంటికొచ్చి గ్యారేజీ తలుపు వేసుకుని, వదులుగా ఉండే పాత కోటు కింద తొడుక్కుని చూశాడు. ఏమీ కనబడలేదు. ప్రమాదమున్న చోట జిప్పు తీసేస్తే సరిపోతుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అది ఒట్టి మాటని అతనికీ తెలుసు.

జనవరిలో ఒక ఆదివారం ముగ్గురూ బయల్దేరారు: లోర్న్, డెల్బర్ట్, డెల్బర్ట్ కూతురు బ్రిన్. బ్రిన్ వీపునా సంచీ ఉంది కానీ ఆ పిల్లనెవరూ ఏమీ అనరు. మాటకి మాట అప్పజెప్పే రకం. ఆమె బండి దింపుకుని ముందు వెళ్ళిపోయింది. డెల్బర్ట్ ట్రక్కులోంచి సంచీ తీసి తగిలించుకుంటుంటే లోర్న్ ఊరుకోలేకపోయాడు.

"వచ్చాడయ్యా బూరలబ్బాయి! ఏరా, ఇవాళ పుట్టినరోజు ఎవరిది?"

పక్క ట్రక్కు వాళ్ళు కిసుక్కుమన్నారు. డెల్బర్ట్ పట్టీలు విప్పి, అందులోని పార, కడ్డీ బండి వెనక కట్టేసి, ఆ సంచీని ట్రక్కులోకి విసిరేశాడు.

"ఇదిగో, సరేనా? నీ నోటికి దణ్ణం బావా."

కోటు కింద వెస్ట్ లోర్న్ డొక్కల్ని పట్టేసింది. రాత్రంతా మంచు పడింది, పైన గాలి విపరీతంగా వీచింది. 'వేసుకోరా' అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా.

"ఇప్పుడు మగాడివనిపించావురా" అన్నాడు.

పైకి వెళ్ళాక డెల్బర్ట్ బండి వాలు మధ్యలో కూరుకుపోయింది. దిగి దాన్ని తిప్పుకుంటుంటే, అతని పైన మంచు గీత గీసినట్టు చీలింది. కింద నుంచి లోర్న్ అరిచాడు. డెల్బర్ట్ తలెత్తి చూశాడు. అతని చెయ్యి అలవాటుగా భుజం దగ్గరికి పోయింది, పిడి కోసం తడుముకుంది, ఒట్టి కోటుని పట్టుకుంది. అంతే, వాలంతా కదిలి అతన్ని మింగేసింది.

మంచు ఆగగానే బ్రిన్ జాడ తీసే పరికరం పట్టుకుని పరిగెత్తింది. కడ్డీ గుచ్చింది, తగిలింది. ఇద్దరూ ఊపిరాడకుండా తవ్వారు. ముఖం బయటపడేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. బ్రిన్ అతని నోట్లోంచి మంచు తీసింది. ఒక దగ్గు వచ్చింది. తర్వాత మూలుగు. కాలు తిరగకూడని దిక్కుకి తిరిగి ఉంది.

బ్రిన్ ఉపగ్రహ ఫోన్లో హెలికాప్టర్ని పిలిచి, తన కోటు విప్పి తండ్రికి కప్పింది. అయినా అతను గజగజ వణుకుతున్నాడు.

"మావయ్యా, నీ కోటివ్వు."

లోర్న్ చెయ్యి జిప్పు దాకా వెళ్ళి ఆగింది.

"మావయ్యా! కోటు!"

తీశాడు. కొత్త నల్ల వెస్ట్, దాని మీద ఎర్ర పిడి. బ్రిన్ చూసింది. చెయ్యి చాచి కోటు లాక్కుంది. డెల్బర్ట్ కళ్ళు సగం తెరిచాడు.

"బావా... కొత్తదా?"

లోర్న్ వంగి కోటు అంచు అతని మెడ దాకా లాగాడు.

వారం తిరిగాక మంచు బళ్ళ క్లబ్బు వాళ్ళు ఆసుపత్రికొచ్చారు. డాక్టర్లు డెల్బర్ట్ తుంటి ఎముక అతికించారు, నడవడానికి ఎండాకాలం రావాలన్నారు. వెర్నా తమ్ముడి పక్కన కూర్చుని కమలాపండు వొలుస్తోంది. వచ్చినవాళ్ళలో గస్ అనే అతను అడిగాడు.

"అది సరే, నీ బూర ఏమైందిరా ఆ రోజు?"

డెల్బర్ట్ పైకప్పు వంక చూశాడు. "ట్రక్కులో మర్చిపోయా. ముసలాణ్ణైపోతున్నా."

కిటికీ దగ్గర నిలబడ్డ లోర్న్ అటు తిరిగాడు. తిట్టినా బాగుండేది. వాడు తనని కాపాడుతున్నాడు.

"మర్చిపోలేదు" అన్నాడు గట్టిగా. "నేను పదిమందిలో ఎగతాళి చేస్తే తీసి పారేశాడు. అప్పుడు నా ఒంటి మీద ఒకటుంది. కోటు కింద."

ఎవరూ నవ్వలేదు. గస్ టోపీని చేతుల్లో రెండుసార్లు తిప్పి, "మరి మేం వస్తాం" అన్నాడు. మిగతావాళ్ళూ లేచారు. లోర్న్ వైపు ఎవరూ చూడలేదు.

తలుపు పడగానే డెల్బర్ట్ అన్నాడు: "ఎవడడిగాడు బావా నిన్ను?"

"నిజం చెప్పానురా."

"చెప్పి నీ బరువు దించుకున్నావు. మరి నా సంగతో? మర్చిపోయాడంటే ఏదో పాపం అనుకుంటారు. బావ ఎకసెక్కానికి సిగ్గుపడి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడంటే? యాభై దాటినవాణ్ణి. రేపు కూతురి ముఖం ఎలా చూడను?"

లోర్న్ ఈ వైపు నుంచి ఆలోచించనే లేదు. "తప్పైపోయిందిరా" అన్నాడు. దేనికో అతనికే సరిగా తెలీలేదు.

"వెళ్ళు బావా. కాసేపు పడుకుంటా."

తిరుగుదారిలో వెర్నా ట్రక్కు నడిపింది. సరస్సు పక్కన మలుపులన్నీ దాటింది.

"బ్రిన్ ఆ రోజే చెప్పింది నాకు" అంది. "నీ అంతట నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

లోర్న్ తల దించుకున్నాడు.

"కోటడిగితే ఆగావట."

"ఆగాను."

"ఎంతసేపు?"

"మళ్ళీ అడిగేదాకా."

ఊళ్ళోకి రాగానే వెర్నా సరుకుల కొట్టు ముందు ట్రక్కు ఆపింది. "వాడికి బీట్‌రూట్ సూప్ కావాలట. నువ్వు కూర్చో" అని దిగిపోయింది.

లోర్న్ కూర్చోలేకపోయాడు. దిగి వెనకే లోపలికెళ్ళి, బుట్ట పట్టుకోవడానికి చెయ్యి చాచాడు. ఆమె బుట్ట ఇవ్వలేదు. పొమ్మనీ అనలేదు. దుంపలు ఏరుకుంటూ ముందుకి నడిచింది. అతను ఒట్టి చేతుల్తో ఆమె వెంట నడిచాడు.