జెట్టి కట్టిన పట్టీ

హేమంత ప్రభాత తుషార ధూసరితంబులగు కోటబురుజులపై బాలార్కకిరణంబులు ప్రాకక మునుపే తైలమర్దనస్నిగ్ధగాత్రులగు జెట్టుల తొడచఱపులచే మాఱుమ్రోగు పెన్నపురపు సాముగరిడిలో ఆ దినమున సింగజెట్టి యొక్కడు మాత్రము గోడకు జేరగిలి తన కుడిచేతిని జూచుకొని నిట్టూర్చుచుండెను. శరత్కాలపు పోరున తొలగిన మోచేయి, ఎముకలు కూర్చుటలో మేటియగు మేనత్త కోనమ్మ చేతిచలువచే కుదిరినను, కండ కరగి ఆ చేయి వాడిన పొట్లకాయవలె వ్రేలాడుచుండెను. వసంతోత్సవమున పొరుగూరి గంగజెట్టికి ఓడెనేని తాతలనాటి గరిడి పెద్దఱికము వానికి బోవును.

"గద నెత్తితివా, కూర్చిన కీలు మరల నూడును" అని శాసించి కోనమ్మ వాని భుజము క్రింద నూలుపట్టీ చుట్టి నెత్తురుపాఱుదల ఇంచుక మందగించునట్లు బిగించి వంటింటి పొత్రమును చేతికిచ్చెను. "దీనినే ఎత్తుచు దించుచు నుండుము. పట్టీ బిగువున ఈ కొద్ది బరువే కండ పెంచును. చేయి మండును. మండనిమ్ము." గదాధరునకు పొత్రము! పచ్చడి యెప్పటికి సిద్ధమగునని తోడిజెట్టులు నవ్వుకొనగా సింగజెట్టికి తల కొట్టివేసినట్లయ్యెను.

కొన్నాళ్లకు చేతికి కొంత కండ వచ్చెను. కండ వచ్చినంత వేగముగ బుద్ధి రాదుగదా. కొంచెపు బిగువున కొంత బలము వచ్చినచో పెనుబిగువున పెనుబలము రాకుండునా యని తలంచి అత్త లేనివేళ అతడు జెట్టులు గోచి బిగించు తీరున ఊపిరి బిగబట్టి పండ్లతో లాగి పట్టీని ముడివైచెను. అంతలో వ్రేళ్లు నేరేడుపండ్ల చాయ దాల్చి స్పర్శదప్పెను. పొత్రము జాఱి నేలబడెను. ఆ చప్పుడునకు వచ్చిన కోనమ్మ కత్తితో పట్టీని కోసి, చల్లబడిన మణికట్టు పట్టుకొని నాడి చక్కగా నాడువఱకు వదలదయ్యెను.

"అల్లుడా, ఇది గోచిముడి కాదు. కాలువకు అడ్డుకట్ట వేయుట వేఱు, కాలువను పూడ్చుట వేఱు."

"తప్పయినది అత్తా. పెద్దఱికము పోవునని భయపడితిని."

"భయము తప్పు కాదు. నన్నడుగకుండుట తప్పు" అని ఆమె వ్రేలు దూరునంత సందుంచి క్రొత్తపట్టీ కట్టెను. నాటినుండి సింగజెట్టి అలసటదీర్చుకొను వేళలయందెల్ల దానిని తానే విప్పుచుండెను.

వసంతోత్సవము వచ్చెను. కీలూడిన చేయి ఏదియో యెఱిగియున్న గంగజెట్టి గోదాలో దిగినదే తడవుగా దానినే పట్టి మెలిపెట్టెను. అది వంగలేదు. సింగజెట్టి ఆ చేతితోడనే వానిని నడుము పట్టి యెత్తి వెల్లకిల బడవైచెను. జనులు జయజయధ్వానములు సలుపుచుండ గంగజెట్టి లేవలేక కీలు తొలగిన భుజము పట్టుకొని మూలుగుచుండెను. ఉత్సవపు పోరున గెలిచినవాడే ఓడినవాని కీలు కూర్చుట జెట్టుల మర్యాద. సింగజెట్టి పూలదండకు తలయొగ్గక మన్నులో మోకరిల్లి, "ఊపిరి వదలుము అన్నా" అని ఆ భుజమును మెల్లమెల్లగ లాగి, ఎముక తన నెలవు జేరిన క్షణముననే చేయి నిలిపెను.

పడద్రోయు బలము పలువురకు గలదు. ఎచట నాపవలయునో యెఱిగిన చేతికే పెద్దఱికము చెల్లును.